కొత్త పాట, పాత లెక్క: నెల్లూరు క్యాంపస్‌లో జాజ్ క్వార్టెట్ వింటే

నెల్లూరులో తిక్కన పేరెత్తితే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక కథ చెబుతారు. తిక్కన ఆశువుగా పద్యాలు చెబుతుంటే గురునాథుడు రాస్తున్నాడు. చెప్పేవాడు ఆగకూడదు, రాసేవాడు కలం ఎత్తకూడదు అని ఇద్దరి మధ్య ఒప్పందం. ఒకచోట పద్యం ముందుకు సాగలేదు. ఏమీ తోచక తిక్కన "ఏమి చెప్పుదు గురునాథా" అనేశాడు. గురునాథుడు ఆ మాటనే రాసేశాడు. చూస్తే అది పద్యంలో సరిగ్గా అమరింది. "చెప్పుదున్" తర్వాత వచ్చే క, సంధిలో గ అవుతుంది. కాబట్టి ఆ గురునాథుడే కురునాథుడయ్యాడు, సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టు కుదిరింది. ఇది చరిత్రా, కట్టుకథా అన్న చర్చ అలా ఉంచితే, ఆశువు అంటే ఏమిటో ఇంత చిన్నగా, ఇంత బాగా చెప్పే కథ మరొకటి దొరకడం కష్టం. ఛందస్సు గట్టిగా ఉంది కాబట్టే తడబాటు కూడా పద్యంలో కలిసిపోయింది.

అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం వాయించేవాళ్ళ దగ్గరా ఇలాంటి కథే ఒకటుంది. పియానో విద్వాంసుడు హెర్బీ హాంకాక్ దాన్ని చాలాసార్లు చెప్పాడు. 1960ల్లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో కచేరీ. మైల్స్ డేవిస్ ట్రంపెట్ మీద మంచి ఊపులో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే హాంకాక్ చెయ్యి తప్పు కార్డ్ మీద పడింది. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలను కలిపి ఒకేసారి నొక్కే స్వరాల గుత్తి. హాంకాక్‌కి గుండె జారిపోయింది. డేవిస్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు కార్డ్‌ని ఒప్పుగా మార్చే స్వరాలు ఊదాడు. వినేవాళ్ళకి అక్కడ పొరపాటు జరిగినట్టే తెలియలేదు. గురునాథుడు తడబాటుని పద్యంలో కలిపేసినట్టే డేవిస్ కూడా తప్పుని పాటలో కలిపేశాడు.

ఊరూరూ తిరుగుతూ తమ సొంత రచనలు వాయించే జాజ్ క్వార్టెట్ ఒకటి కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయంలోనో ఒక సాయంత్రం వాయిస్తే ఎలా ఉంటుంది? "మనవాళ్ళకి అలవాటు లేని సంగీతం, ఎవరొస్తారు?" అన్న జవాబు వెంటనే వస్తుంది. ఆ జవాబు సరైంది కాదు. జాజ్ వినడానికి కావలసిన అసలు అలవాటు ఒక కట్టుబాటు లోపల అప్పటికప్పుడు పుట్టేదాన్ని ఆనందించడం. అవధానాలు, పద్యనాటకాలు, నాదస్వరం విన్న నేలకి అది కొత్త కాదు. కొత్తగా తెలుసుకోవలసింది లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది మాత్రమే.

క్వార్టెట్ అంటే నలుగురు. చాలా బృందాల్లో శాక్సఫోన్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ ఉంటాయి. శాక్సఫోన్ పాటని మోస్తుంది. పియానో కింద కార్డ్‌లు పరుస్తుంది. డబుల్ బేస్ అంటే మనిషి ఎత్తు ఉండే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం. జాజ్‌లో దాన్ని ఎక్కువగా కమానుతో కాకుండా వేళ్ళతో లాగి వాయిస్తారు. దెబ్బకో స్వరం చొప్పున మెట్లు ఎక్కుతూ దిగుతూ సాగే దాని వరసని నడక అనే పిలుస్తారు, వాకింగ్ బేస్ అని. మన కచేరీల్లో తంబురా శ్రుతి కదలకుండా నిలబడుతుంది. ఇక్కడ అడుగున ఉండే ఆ ఆధారమే నడుస్తుంది. తెలుగు శ్రోతకి మొదట తికమక పెట్టేది ఇదే. షడ్జమం స్థిరంగా ఉంటుందని నమ్మిన చెవికి, రెండు మూడు సెకన్లకోసారి కాళ్ళ కింద నేల జరిగినట్టుంటుంది.

అయితే ఆ చెవికి కూడా దారి ఉంది. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో 'సో వాట్' అనే రచన ఉంది. అందులో కార్డ్‌లు పరుగులు పెట్టవు. బార్ అంటే మామూలుగా నాలుగు దెబ్బల గడి. మొదటి 16 బార్‌లు ఒకే స్వరస్థానాల మీద నిలుస్తాయి. ఆ స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే, గమకాలు మాత్రం ఉండవు. తర్వాత 8 బార్‌లు అదే మొత్తం అరమెట్టు పైకి జరుగుతుంది. హార్మోనియం వాళ్ళ భాషలో రెండు శ్రుతి నుంచి రెండున్నర శ్రుతికి. చివరి 8 బార్‌లకి మళ్ళీ రెండుకి దిగుతుంది. నాటకాల హార్మోనిస్టు ఎవరైనా ఒక్కసారి వింటే ఈ మార్పుని పట్టేస్తారు. జాజ్‌కి కొత్తవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.

బార్ అంటే మామూలుగా నాలుగు దెబ్బల గడి. పాత పాటల్లో ఎక్కువ భాగం 32 బార్‌ల చుట్టు. ఒక చరణం, అదే చరణం మళ్ళీ, మధ్యలో వేరే రంగు, తర్వాత మొదటిది మరోసారి. 32 బార్‌లంటే 128 దెబ్బలు. ఆది తాళం వేసేవాళ్ళ లెక్కలో 16 ఆవర్తాలు. నిమిషానికి 160 దెబ్బల వేగంలో ఆ చుట్టు 48 సెకన్లలో పూర్తవుతుంది. బ్లూస్ అనే రకం పాట అయితే 12 బార్‌లే, అంటే ఆరు ఆవర్తాలు. నలుగురూ కలిసి ముందు పాటని ఒకసారి వాయిస్తారు. దాన్ని హెడ్ అంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరు వంతులవారీగా అదే చుట్టు మీద, అదే కార్డ్‌ల మీద, అప్పటికప్పుడు కొత్త పాట కడతారు. చివర హెడ్ మళ్ళీ వస్తుంది. అందరూ చెయ్యి జారిపోయేంత స్వేచ్ఛగా వాయిస్తున్నట్టు కనిపించే చోట కూడా ఆ నలుగురి బుర్రల్లో ఇప్పుడు ఎన్నో బార్ అన్న లెక్క నడుస్తూనే ఉంటుంది.

దీనికి మన దగ్గర బాగా సరిపోయే పోలిక దత్తపది. పృచ్ఛకులు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలిస్తారు. అవధాని వాటిని నాలుగు పాదాల్లో పొదిగి, ఛందస్సు తప్పకుండా, అడిగిన విషయం మీద పద్యం చెప్పాలి. శాక్సఫోన్ వాయించేవాడికి ఆ మాటల స్థానంలో కార్డ్‌లు ఉంటాయి. ఫలానా బార్‌లో ఫలానా కార్డ్ వచ్చి తీరుతుంది, దానికి తగిన స్వరం తాకి తీరాలి. ఎటు నుంచి వచ్చి తాకుతాడు, తాకి ఎటు పోతాడన్నదే ఆయన ప్రతిభ. "మనసుకి తోచింది వాయించేస్తారట" అని జాజ్ గురించి అనడం, "అవధాని నోటికొచ్చింది చెప్పేస్తాడు" అనడం లాంటిది. అవధానం తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. తేడా కూడా ఉంది, దాన్ని దాచడం అనవసరం. అవధాని ఒక్కడే మోస్తాడు. క్వార్టెట్‌లో ఒకరు ఆశువు చెబుతుండగానే మిగతా ముగ్గురూ దానికి బదులుగా అప్పటికప్పుడే కల్పిస్తుంటారు. డ్రమ్మర్ ఒక దెబ్బని అనుకోని చోట వేస్తే శాక్సఫోన్ దాన్ని అందుకుని వాక్యం మార్చుకోవచ్చు. మన కచేరీలో మృదంగం, వయొలిన్ పాటగాణ్ణి అనుసరించే తీరు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

లయ విషయంలో తెలుగు చెవికి ఇంకా తేలిక. జాజ్‌లో స్వింగ్ అనే ఊపు ఉంది. ఒక దెబ్బని రెండు సమాన భాగాలు చేయకుండా, మొదటి భాగాన్ని సాగదీసి రెండోదాన్ని కుదిస్తారు. లోపల తకిట అనుకుంటూ, త మీద రెండు మాత్రలు నిలబడి, ట మీద తేలిగ్గా పడినట్టు. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. డ్రమ్మర్ కుడిచేతి వైపున్న పెద్ద కంచు పళ్ళెం మీద టింగ్, టిక టింగ్ అని వినిపించేది ఈ ఊపే. నెమ్మది పాటలో ఆయన కర్రలు పక్కన పెట్టి సన్నటి తీగల కుంచెలు తీసుకుంటాడు. వాటిని డ్రమ్ చర్మం మీద గుండ్రంగా తిప్పుతుంటే చాటలో బియ్యం చెరిగినట్టు సన్నగా సుయ్ సుయ్ మంటుంది. ఆ చప్పుడు వినబడని హాల్లో జాజ్ పెట్టడం వృథా.

ఇక సొంత రచనల సంగతి. జాజ్ వాళ్ళకి స్టాండర్డ్స్ అనే ఉమ్మడి ఆస్తి ఉంది. పాత నాటకాల, సినిమాల పాటలు అందరికీ తెలిసినవే కాబట్టి, ఎవరు ఎవరితో కూర్చున్నా రిహార్సల్ లేకుండా వాయించగలరు. మన కచేరీలో కృతి మొదలవగానే ముందు వరుసలో తలలు ఊగినట్టే, అక్కడా స్టాండర్డ్ మొదలవగానే గుర్తుపట్టి చప్పట్లు కొడతారు. సొంత రచనలు వాయించే క్వార్టెట్ ఆ సౌకర్యాన్ని వదులుకుంటుంది. శ్రోతకి హెడ్ కూడా తెలియదు, దాని మీద ఏం కల్పిస్తున్నారో పోల్చుకోవడానికి ఆధారం లేదు. కొత్త కృతులతోనే రెండు గంటల కచేరీ చేయమంటే మన విద్వాంసులు ఎంత ఆలోచిస్తారో, ఇదీ అంతే కష్టం. అయినా చేస్తారు, ఎందుకంటే చుట్టు ఎంత పొడవుండాలి, కార్డ్‌లు ఏ వరసలో రావాలి అన్నది రచయిత చేతిలో ఉంటే, వాయించే నలుగురి స్వభావాన్ని బట్టి పాటని కొలిచి కుట్టవచ్చు. జాజ్ ఆర్కెస్ట్రా నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ తన బృందంలో ఫలానా వాద్యకారుడి గొంతుని దృష్టిలో పెట్టుకునే రాసేవాడు.

పాతకీ కొత్తకీ మధ్య ఇంకో దారి కూడా ఉంది. అది మన వర్ణమెట్టుకి తలకిందులు. వర్ణమెట్టులో పాత బాణీ ఉంచి కొత్త మాటలు రాస్తారు. జాజ్‌లో పాత కార్డ్‌లు ఉంచి కొత్త బాణీ కడతారు. శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ తరం ఈ పని విరివిగా చేసింది. 'హౌ హై ది మూన్' కార్డ్‌ల మీద కట్టిన 'ఆర్నితాలజీ' అలాంటిదే. కొత్తదంటూ మొదలయ్యే రచనలో పాత ఇల్లు దాగి ఉండొచ్చు. అందుకే బృందం నాయకుడు ప్రతి రచనకీ ముందు మైకు తీసుకుని రెండు మాటలు చెబితే సగం భారం తగ్గుతుంది. ఇది ఎన్ని బార్‌ల చుట్టు, దేని గురించి రాశాం, ఎవరి సోలో ముందు వస్తుంది, అంతే చాలు. ఇది చెప్పకుండా కళ్ళు మూసుకుని వాయించి దిగిపోయే బృందాలు కొత్త శ్రోతలకి న్యాయం చేయడం లేదు.

ఇలాంటి సంగీతానికి విశ్వవిద్యాలయమే తగిన చోటని అమెరికాలో 1950ల్లోనే తేలింది. జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ భార్య అయోలా బ్రూబెక్ కాలేజీలకి స్వయంగా ఉత్తరాలు రాసి కచేరీలు కుదిర్చేది. అప్పటికి జాజ్ అంటే అర్ధరాత్రి దాకా సాగే క్లబ్బుల్లో, సిగరెట్ పొగలో వినే సంగీతం. 1953 మార్చిలో ఓబర్లిన్ కాలేజీలో బ్రూబెక్ క్వార్టెట్ వాయించిన కచేరీ రికార్డుగా వచ్చింది. 1954లో 'జాజ్ గోస్ టు కాలేజ్' వచ్చింది. విద్యార్థులు టికెట్ కొని, కుర్చీల్లో కూర్చుని, మాట్లాడకుండా విన్నారు. సొంత రచనలకి కావలసింది సరిగ్గా ఈ నిశ్శబ్దమే. 1959లో అదే క్వార్టెట్ 'టేక్ ఫైవ్' రికార్డు చేసింది. దాన్ని రాసింది శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. అయిదు దెబ్బల తాళం. అమెరికా శ్రోతలకి అది వింత. మనకి ఖండ చాపు. మనం తక తకిట అని రెండు, మూడుగా విరిస్తే అక్కడ మూడు, రెండుగా విరిచారు, అంతే తేడా.

ఆ రికార్డుకి ముందు సంవత్సరం, 1958లో, బ్రూబెక్ క్వార్టెట్ అమెరికా ప్రభుత్వం తరఫున పర్యటిస్తూ భారతదేశానికి వచ్చింది. మద్రాసులో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో కూర్చుని వాయించింది. డ్రమ్మర్ జో మోరెల్లో, పిళ్ళై ఒకరి లెక్క ఒకరు వింటూ దెబ్బలు మార్చుకున్నారు. అక్కడి నుంచి నెల్లూరు 175 కిలోమీటర్ల దూరం.

ఆ 175 కిలోమీటర్ల గురించే కొంచెం ఆలోచించాలి. ఈ రెండు జిల్లాల సంగీతం ఎప్పుడూ దక్షిణం వైపే ప్రయాణించింది. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల, శ్యామశాస్త్రి పూర్వీకులది కంభం ప్రాంతం. రెండు పేర్లూ ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊళ్ళనే గుర్తుచేస్తాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంలో శిఖరం లాంటి పేరు సంపాదించారు, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. నెల్లూరు గొంతు అని చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కూడా మద్రాసు వెళ్ళే పాడారు. వెళ్ళినవాళ్ళ జాబితా ఇలా ఎంతైనా ఉంటుంది. అటు నుంచి ఇటు వచ్చి ఒక సాయంత్రం ఆగి వాయించి వెళ్ళే సంగీతం మాత్రం తక్కువ. చెన్నైలో వాయించిన బృందం విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళాలంటే నెల్లూరు, ఒంగోలు మీదుగానే హైవే. టూరింగ్ బృందాలు ఎక్కడైనా బతికేది ఇలా రెండు పెద్ద కచేరీల మధ్య ఖాళీగా ఉన్న వారం మధ్య రోజుని కాలేజీలో నింపుకునే. నలుగురు ఒకే వ్యానులో సర్దుకుంటారు. ఇరవై మంది ఆర్కెస్ట్రాకి సాధ్యం కానిది క్వార్టెట్‌కి సాధ్యమయ్యేది అందుకే.

కాలేజీలకి సంగీతాన్ని తీసుకెళ్ళే పద్ధతి మన దేశంలోనూ పాతదే. ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ 1977లో మొదలుపెట్టిన స్పిక్ మెకే సంస్థ పెద్ద విద్వాంసుల్ని విద్యార్థుల ముందు కూర్చోబెట్టి చూపించింది. జాజ్ వాయించే చోటుని క్లబ్ అంటారు, ఆ మాట దగ్గర చిన్న చిక్కుంది. మన ఊళ్ళలో క్లబ్బు అంటే చాలామందికి పేకాట గుర్తొస్తుంది. అమెరికాలో జాజ్ క్లబ్ అంటే తరచూ వంద, నూటయాభై కుర్చీల చిన్న వేదిక. ఇక్కడ క్యాంపస్‌లో క్లబ్ అంటే విద్యార్థుల బృందం. మ్యూజిక్ క్లబ్, లిటరరీ క్లబ్ లాంటివి. ఆ విద్యార్థులే పూనుకుని ఒక సెమినార్ హాలుని సాయంత్రానికి అడిగి తీసుకుంటే, అక్కడి క్లబ్‌కి కావలసిన కొలత ఇక్కడా దొరుకుతుంది. కాలేజీ డేకి వేసే ఓపెన్ స్టేజి మాత్రం వద్దు.

ఓపెన్ స్టేజి ఎందుకు వద్దంటే శబ్దం వల్ల. మన మైక్ సెట్టు వాళ్ళ అనుభవమంతా దూరానికి వినబడేలా చేయడంలో ఉంది, అది వాళ్ళ వృత్తి కోరే నైపుణ్యం. జాజ్ క్వార్టెట్‌కి దగ్గరగా, సన్నగా వినబడాలి. చిన్న హాల్లో డ్రమ్స్‌కి మైకే అక్కర్లేదు. డబుల్ బేస్‌ని పెద్ద బాక్సుల్లోంచి డీజే బేస్ లాగా గుద్దించారంటే ఆ నడక మొత్తం ముద్దయిపోతుంది. పియానో ఉండదు కాబట్టి కీబోర్డు పెట్టాలి, అది పూర్తి 88 మెట్లది కావాలి. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో తరచూ కనిపించే 61 మెట్ల కీబోర్డు మీద ఎడమచేతికి చోటు చాలదు. ఈ మూడు విషయాలు ముందే మాట్లాడుకుంటే సౌండ్ చెక్‌లో టెన్షన్ ఉండదు.

శాక్సఫోన్ గురించి ఒక మాట. కచేరీకి ముందు శాక్సఫోన్ వాయించేవాడు పలచటి రీడుని నోట్లో పెట్టుకుని నానబెడుతుంటాడు. రెల్లు జాతి కాడని చెక్కి చేసిన ముక్క అది. నాదస్వర విద్వాంసులు పీకని తడిపి సరిచూసుకోవడం చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తగా ఉండదు. నాదస్వరానికి రెండు పొరల పీక, శాక్సఫోన్‌కి ఒక్క రీడు. రెండింటి గొట్టమూ కిందికి వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది. ఈ చుట్టరికాన్ని రెండు వైపుల నుంచీ వెతికినవాళ్ళున్నారు. నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని, ఏళ్ళ తరబడి సాధన చేసి దాని మీద గమకాలు పలికించారు. 1980లో బొంబాయిలో జరిగిన 'జాజ్ యాత్ర' ఉత్సవంలో అమెరికా శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ హాండీతో కలిసి వాయించారు. అటు నుంచి చార్లీ మరియానో అనే అమెరికా జాజ్ వాద్యకారుడు దక్షిణ భారతానికి వచ్చి నాదస్వరం నేర్చుకుని, దాన్ని జాజ్ రికార్డుల్లో ఊదాడు. శాక్సఫోన్ విని "ఇది పరాయి వాద్యం" అనుకునే ముందు పెళ్ళి ఊరేగింపుల్లో ట్రంపెట్లు, క్లారినెట్లు మోసుకుంటూ నడిచే మన బ్యాండు మేళాన్ని గుర్తుచేసుకోవాలి. జాజ్ కూడా న్యూ ఆర్లీన్స్ వీధుల్లో, ఊరేగింపులకీ అంత్యక్రియలకీ వాయించే అలాంటి బ్యాండుల్లోంచే ఎదిగింది. అక్కడి నల్లజాతి వాద్యకారులు సైనిక బ్యాండు వాద్యాలని తమ గొంతుగా మార్చుకున్నారు.

వినేవాళ్ళు చేయవలసింది ఎక్కువేమీ లేదు. సోలో ముగిసిన చోట, పాట ఇంకా నడుస్తుండగానే చప్పట్లు కొట్టవచ్చు. అది మర్యాద తప్పడం కాదు. మంచి పద్యం రాగానే ఒన్స్ మోర్ అని అరిచే నాటకాల హాలుకి ఈ పద్ధతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫోన్ పైకెత్తి రికార్డు చేసేవాళ్ళు లెక్క తప్పిపోతారు, అది వాళ్ళకే నష్టం. కచేరీ చివర్లో తరచూ ఒక ఆట వస్తుంది. నాలుగు బార్‌లు శాక్సఫోన్, నాలుగు బార్‌లు డ్రమ్స్, మళ్ళీ నాలుగు శాక్సఫోన్. ప్రశ్నకి ప్రశ్న, సవాలుకి సవాలు. డ్రమ్మర్ వంతులో మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడతారు. కార్డ్‌లు వినబడవు, బేస్ నడక వినబడదు, చుట్టు ఎక్కడుందో చెప్పే ఆధారం ఏదీ ఉండదు. అప్పుడు తొడ మీద ఆది తాళం వేసుకుంటున్న విద్యార్థి ఎవరైనా ఉంటే, రెండు ఆవర్తాలు అయ్యేసరికి శాక్సఫోన్ వాద్యకారుడు ఊపిరి పీల్చుకోవడం కనిపిస్తుంది. పదహారో ఆవర్తం ముగిసి చెయ్యి మళ్ళీ సమం మీద పడేటప్పుడు, ఎవరూ సైగ చేయకుండానే, నలుగురూ ఒక్కసారిగా హెడ్‌లోకి దిగుతారు.